పుచ్చుకొను చేయి



బాలింతను, గురువును, దైవమును, వ్యాధిగ్రస్తుని చూడబోవునపుడు ఉత్తచేతులతో పోరాదన్నది మన తాతముత్తాతలనాటి మాట. బందరునుండి బయలుదేరువాడు తొక్కుడు లడ్డు పెట్టె లేకుండ బండి యెక్కడు. గుడివాడ జంక్షనులో బండి మారువాడు డజను అరటిపండ్లయినను సంచిలో వేసికొనక కదలడు. దివిసీమవాడు పట్నమునకు పరామర్శకు పోవుచు తన పెరటి కొబ్బరికాయలనో, ఇంట కాచిన నేతిసీసానో వెంట గొనిపోవును. మనస్సులోని ఆప్యాయత కంటికి కనిపించు రూపము ధరించి చేతినుండి చేతికి మారుటయే కానుక గనుక, ఈ ఆచారమునందు నాకు గౌరవమే కాని ఆక్షేపణ లేదు. అయినను, మన పెద్దలు రాచపుండు అని పిలిచి పేరెత్తుటకే జంకిన కాన్సరు వ్యాధికి చికిత్స పొందుచున్నవారి విషయమున ఈ ఆచారమును ఆలోచనతో పాటింపవలసి యున్నది. ఆ ఆలోచన నాకెట్లు కలిగినదో ముందుగా మనవి చేసెదను.

మా పిన్ని దివిసీమలో నాగాయలంకకు ఆవలనున్న పల్లెటూర నివసించుచున్నది. ఒక పాడిగేదె, ఎకరము మాగాణి, వరి కోసిన చేలో మినుములు, ఇదియే ఆమె ప్రపంచము. రొమ్ము కాన్సరని తేలి, శస్త్రచికిత్స జరిగి, ఇరువదియొక్క దినములకొకసారి బెజవాడలో కీమో ఎక్కించుకొని వచ్చుచున్న రోజులలో నేనామెను చూడబోయితిని. నా చేతిలో లడ్డు పెట్టె ఉన్నది. గది గోడ అరమీద అప్పటికే అట్టివి మూడు పెట్టెలును, మూతయైన తీయని హార్లిక్సు సీసాలు అయిదును, ముడుతలు పడిన యాపిలుపండ్ల సంచి ఒకటియును ఉన్నవి. నన్ను చూడగానే ఆమె మంచముమీదినుండి లేచినది. వద్దనుచున్నను వినక, నేను తెచ్చిన పెట్టెను ఒడిలో పెట్టుకొని, దాని దారపుముడి విప్పుటకు పూనుకొన్నది. సూదులు గ్రుచ్చి గ్రుచ్చి మోచేతి నరము నల్లబడి యున్నది. మందు ప్రభావమున వ్రేళ్ళకొనలు తిమ్మిరులెక్కుటచేత ముడి యెక్కడ నున్నదో ఆ వ్రేళ్ళకు తెలియుట లేదు. రెండు నిమిషములు తడుముకొని, పంటితో కొరికి, ఎట్టకేలకు విప్పి, ఒక లడ్డు పళ్ళెములో పెట్టి నా చేతికిచ్చి, "నువ్వు తినరా అబ్బాయ్, నాకు నెయ్యి వాసనే గిట్టడం లేదు" అన్నది. నేను తెచ్చిన కానుకను నేనే తింటిని. ఆమెకు మిగిలినది లేచిన శ్రమ, విప్పిన శ్రమ, నా ముందర నవ్విన శ్రమ.

ఆ సమయముననే పెరటివైపున పాలచెంబు చప్పుడైనది. పొరుగింటి ఇల్లాలు గేదెను పితికి, పాలు పొయ్యిమీద పెట్టి, పొంగించి దింపి, గదిలోనికైనను రాక, కిటికీనుండి "వదినా, పాలు కాచి మూతపెట్టాను, నువ్వు లేవబోకు" అని చెప్పి వెడలిపోయినది. పిన్ని బదులు పలుకలేదు. కన్నులు మూసికొని తల యూచినది, అంతే. బదులు పలుకవలసిన అవసరము లేని ఆ కానుకను, లేచి మర్యాద చేయవలసివచ్చిన నా కానుకను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొన్న ఆ క్షణమున నాకొక సంగతి బోధపడినది. మనము కానుకను ఇచ్చు చేతినిబట్టి కొలుచుచున్నాము; ఎంత ఖరీదైనది, ఎంత దూరమునుండి తెచ్చినది అని లెక్కించుచున్నాము. కాని రోగికిచ్చు కానుకను కొలువవలసినది పుచ్చుకొను చేతినిబట్టి. ఆ చేయి నేడు ఏమి మోయగలదు, ఏమి విప్పగలదు, ఏది నోటికందింపగలదు అన్నది తెలిసినగాని కానుక కానుక కాజాలదు.

ఇది తెలియుటకు వైద్యశాస్త్రమంతయు చదువనక్కరలేదు. ఒక్క కారణము గ్రహించిన చాలును. కాన్సరు కణము ఆగక, అదుపులేక విభజన చెందుచుండును. కీమో మందులలో పెక్కులు అట్లు వేగముగా పెరుగు కణములను పట్టి చంపును. అయితే మన దేహములో న్యాయముగా వేగముగా పెరుగు కణములును కలవు: వెంట్రుకల కుదుళ్ళు, నోటి లోపలి పొర, ప్రేగుల పొర, ఎముకలలోని మూలుగ. మందు ఈ రెండింటికిని భేదమెరుగక, చెడుదానితోపాటు మంచిదానిని గూడ కొంతకాలము గాయపరచును. జుట్టు రాలుట, నోరు పూయుట, విరేచనములు, రక్తకణములు తగ్గుట, ఇవన్నియు వేర్వేరు ఆపదలు కావు. ఒక్క కారణమునుండి పుట్టిన శాఖలు. ఏ మందు ఏ శాఖను ఎంత బాధించునన్నది మనిషికొక తీరుగా ఉండును. ఈ సంగతి మనస్సునందుంచుకొని మన సంప్రదాయపు కానుకలను ఒక్కొక్కదానినే పరికింపుడు.

మొదటిది ఆహారము. బందరు లడ్డు సామాన్యమైనది కాదు. శనగపిండి వంటకమును రోట తొక్కి తొక్కి మెత్తజేసి, బెల్లపుపాకము నెయ్యి పట్టించి కట్టిన ఆ మిఠాయికి 2017లో భౌగోళిక గుర్తింపు సయితము లభించినది. అయినను నోరు పూసి, మింగుడు పడక, వాసనయే శత్రువైన దినములలో ఆ లడ్డు అరమీద అలంకారమే అగును. ఆవకాయ మండును, బత్తాయిరసము చురుక్కుమనును, ఎండుచేపల వాసన వీధిలోనుండి వచ్చినను కడుపులో త్రిప్పును. అట్టి వేళ మెత్తని ఇడ్లీ, పలుచని జావ, పెసరకట్టు కలిపిన అన్నము, గోరువెచ్చగా, ఒక చిన్నగిన్నెడు మాత్రమే, కడుపు కోరిన వేళకు అందునట్లు పంపుడు. కొందరికి నోట ఇనుపరుచి తగులుచుండును. వారికి స్టీలుగరిటె మాని పింగాణీచెంచానో, చెక్కచెంచానో ఇచ్చుట అతిస్వల్పమైన కానుకయే గాని, దానివలన నాలుగు ముద్దలు లోపలికి పోవును. తెల్లకణములు తగ్గు రోజులలో, అనగా మందెక్కిన తరువాత సుమారు రెండవ వారమున, పచ్చిపాలు, మొలకలు, కోసి నిలువయుంచిన పండ్లు తగవు. వేడిగా వండినదే క్షేమము. ఇక ఆకురసములు, వేళ్ళపొడులు, ఎవరో చెప్పిన చూర్ణములు తెచ్చి, డాక్టరుకు చెప్పకుండ మ్రింగుమని బలవంతపెట్టుట ప్రేమ యనిపించుకొనదు. అవి కాలేయమును బాధించి, ప్రాణము నిలుపు మందునకే అడ్డుపడవచ్చును. వైద్యుని మాట దాటి ఏ వస్తువును ఆ నోటికి చేర్పకుండుటయే ఈ విషయమున మొదటి మర్యాద.

ఆహారము పంపువారు మరియొక సూక్ష్మమును మరువరాదు. మన ఇండ్లలో పొరుగువారి గిన్నెను ఉత్తగా తిరిగి ఇయ్యరు. గుప్పెడు పంచదారయైనను వేసి పంపుట ఇల్లాలి పరువు. లేవలేని ఇల్లాలి వంటగదిలో అయిదిండ్ల గిన్నెలు పేరుకొని పోవుచుండ, ఏ గిన్నె ఎవరిదో, దానిలో ఏమి వేసి పంపవలెనో అని ఆమె పడు దిగులు మనకు తెలియదు. కనుక గిన్నె మీరే వచ్చి తీసికొనుడు, తోమకుండనే తీసికొనుడు, ఆ మాట ముందుగనే చెప్పుడు. కూరకంటె ఆ మాటయే ఆమెకెక్కువ విశ్రాంతినిచ్చును.

రెండవది పూలు. మన ఆడపడుచులకు పూలచెండు పెట్టని పరామర్శ లేదు. కాని కుండీమట్టిలోను, పూలు నిలువయుంచిన నీటిలోను ఉండు సూక్ష్మజీవులు రక్షణశక్తి తగ్గిన దేహమునకు ముప్పు తేవచ్చును. మల్లెల పరిమళము సయితము కొందరికి వికారమగును. వీటన్నిటికంటె నన్ను కలచివేయు సంగతి వేరొకటి కలదు. జడలేని రోజులలో ఇచ్చిన మల్లెచెండు ఎక్కడ తురుముకొనవలెను? ఇచ్చినవారు శుభము కోరియే ఇత్తురు. పుచ్చుకొన్నామె మాత్రము ఆ చెండును చేతిలో పట్టుకొని చూచుచుండిపోవును. గాజులును అట్టివే. చంకలోని గ్రంథులు తీసిన వైపు చేయి వాచు స్వభావము కలిగియుండును గనుక బిగువైన గాజులు ఆ చేతికి పనికిరావు. రేడియేషన్ తగిలిన చర్మమునకు పసుపైనను, నూనెయైనను వైద్యుడు చెప్పనిదే రాయరాదు. మంగళప్రదమని మనము తరతరములుగా నమ్మి ఇచ్చుచున్న వస్తువులు అన్నియు ఇట్లు ఒక్కసారిగా తమ స్థానము కోల్పోయినప్పుడు, ఇక మనమేమి ఇయ్యవలెనను ప్రశ్న రాక తప్పదు.

ఆ ప్రశ్నకు ఒక సమాధానము బందరు ప్రక్కనే, పెడనలో దొరకినది. అచ్చుదిమ్మెలతో అద్దు మన కలంకారీ కొన్ని శతాబ్దములుగా సముద్రములు దాటి పోయిన వస్త్రము. నూలుబట్టను కరక్కాయ కషాయములో ముంచి ఆరవేసి, బెల్లమును తుప్పుపట్టిన ఇనుమును ఊరవేసిన నీటితో నల్లగీతలు అద్ది, పటికతో ఎరుపునకు పట్టు కల్పించి, వేళ్ళరంగుల కాగులో ఉడికించి, పారునీటిలో మరల మరల జాడించి, ఎండలో పరచిన పిమ్మట గాని ఆ బట్ట అంగడికెక్కదు. అట్టి నూలుబట్ట ఒకటిన్నర గజమును మా బంధువులలో ఒక వృద్ధురాలు పిన్నికి పంపినది. పంపుటకు ముందు ఆమె ఆ బట్టను రెండుసార్లు ఉతికి, గంజి యంతయు వదలగొట్టి, అంచులు గ్రుచ్చుకొనకుండ లోపలికి మడిచి సన్నని కుట్టు కుట్టినది. జుట్టు రాలిన తల మిక్కిలి సుకుమారముగా ఉండును; దిండుమీది గరుకుదనము సయితము సహింపదు; రాత్రి చలి తగిలినను, పగలు ఎండ తగిలినను తాళలేదు. పాలియెస్టరు జారిపోవును, పట్టు ఉక్కపెట్టును, గంజిపెట్టిన క్రొత్తబట్ట ఒరుసుకొనును. ఉతికి మెత్తబడిన నూలు మాత్రము తలనంటిపెట్టుకొని యుండును. పిన్ని ఆ బట్ట చుట్టుకొని అద్దమున చూచుకొని, "ఇది కొత్తదా, పాతదా?" అని అడిగినది. క్రొత్తదానిని పాతదానివలె హితముగా చేసి పంపిన ఆ వృద్ధురాలి చేతులలో ఎంత వివేకమున్నదో అప్పుడు తెలిసినది.

ఈ తీరున ఆలోచించినచో ఇయ్యదగిన వస్తువులు అనేకములు తోచును. మందెక్కించు ఏసీ గదులలో కప్పుకొనుటకు పలుచని దుప్పటి. శస్త్రచికిత్స జరిగిన వైపు చేతిక్రింద పెట్టుకొనుటకు బూరుగుదూది చిన్నదిండు. వదులుగా కుట్టిన రవిక. ఏ తేదీన ఏ మందు ఎక్కినది, ఏ పూట జ్వరము వచ్చినది వ్రాసికొనుటకు ఒక నోటుపుస్తకము. అన్నిటికంటె ముఖ్యముగా ఒక జ్వరమాపకము. నూరు డిగ్రీల నాలుగు పాయింట్ల ఫారెన్‌హీటు జ్వరము సామాన్యులకు మామూలు జ్వరమే కావచ్చును; కీమో పొందినవారికి తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పరుగెత్తవలసిన సూచన యది. లడ్డు పెట్టెకంటె తక్కువ వెలకు వచ్చు ఆ చిన్నపనిముట్టు ఒక ప్రాణమును కాపాడవచ్చును.

వస్తువులకంటె గొప్ప కానుక మనిషి చేయు పని. శ్రోతలారా, దివిసీమనుండి చికిత్సకు పోవుటయన్న ఏమో తెలిసినవారికే తెలియును. అవనిగడ్డ మీదుగా, మోపిదేవి దాటి, చల్లపల్లి, ఉయ్యూరు మీదుగా బెజవాడ చేరు బస్సు ప్రయాణము ఆరోగ్యవంతునకే అలసట. పల్లెలలో "కరెంటు పెట్టించుకొనుట" అని చెప్పుకొను రేడియేషన్ చికిత్స తరచుగా వారమునకు అయిదు దినముల వంతున, మూడు మొదలు ఏడు వారముల వరకు సాగును. యంత్రము క్రింద పరుండునది కొద్ది నిమిషములే గాని, ఆ కొద్ది నిమిషములకై దినమంతయు పోవును. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్యసేవ యను పేర నడచుచున్న ప్రభుత్వ పథకము పేదల చికిత్సవ్యయమును చాలవరకు భరించుచున్నది. కాని వెంటపోవు మనిషి కూలి పోయిన దినమునకు, పట్నములోని గదికి, ఇంటివద్ద గేదె మేతకు పథకము లేదు. అక్కడనే బంధువులకు, ఇరుగుపొరుగువారికి అవకాశము కలదు. బెజవాడలో ఇల్లున్నవారు ఒక గదిని ఆరువారములు విడిచి యిచ్చిన అది కనకాభిషేకముతో సమానము. వారమునకొక దినము "నేను తోడుపోతాను, మీరు ఇంట నిద్రపోండి" అని రోగి భర్తకు చెప్పినవాడు ఇద్దరికి కానుక ఇచ్చినవాడగును. రోగికి పండ్లు తెచ్చువారు పదిమంది. రోగిని కనిపెట్టుకొని రాత్రులు కూర్చుండు మనిషి భోజనము చేసినాడో లేదో అడుగువాడు ఒక్కడు దొరకడు.

ఇంకొక కానుకను అంగడిలో కొనలేము. అది రక్తము. మందువలన మూలుగ సోలిపోయినపుడు రక్తము, ప్లేట్‌లెట్లు ఎక్కింపవలసి వచ్చును. సేకరించిన ప్లేట్‌లెట్లు అయిదు దినములకు మించి నిలువవు. కావున ఎవరో ఎప్పుడో ఇచ్చినది చాలదు, ఎవరో ఒకరు ఎప్పుడును ఇచ్చుచుండవలెను. ఆరోగ్యవంతుడైన పురుషుడు మూడు నెలలకొకసారి, స్త్రీ నాలుగు నెలలకొకసారి రక్తమీయవచ్చును. ఇచ్చినదెవరో పుచ్చుకొన్నవారికి తెలియదు. కృతజ్ఞత చెప్పవలసిన భారము కూడ వారిమీద ఉండదు.

కానుక అవసరమునుబట్టి ఉండవలెనన్న పాఠము దివిసీమకు క్రొత్త కాదు. 1977 నవంబరు 19వ తేదీన సముద్రము ఊళ్ళమీదికి వచ్చి వేలమందిని పొట్టను పెట్టుకొన్న ఉప్పెన నాడు, బ్రతికి బయటపడినవారి నూతులలో, చెరువులలో ఉప్పునీరు నిండిపోయినది. ఆ నాడు వారికి పట్టుబట్టలు గాని, పంచభక్ష్యములు గాని కానుక కాజాలవు; ఒక కడివెడు మంచినీరే అమృతము. ఆపదలో ఉన్నవానికి ఏది మంచినీరో కనుగొనుటయే ఇచ్చువాని విద్య. కనుగొనుటకు మార్గము అడుగుట. అయితే "ఏమైనా కావాలంటే చెప్పండి" అని తలుపువద్ద అడిగి పోయిన అది అడుగుట కాదు. ఆలోచించి, మొగమాటము చంపుకొని, నోరు తెరచి యాచించు భారమును రోగిమీదనే వేసిపోవుట. "గురువారం బెజవాడ వెళ్ళే పని నాకుంది, మిమ్మల్ని తీసుకెళ్ళి తీసుకొస్తాను" అనుడు; "పిల్లవాణ్ణి బడినుంచి నేనే తీసుకొస్తాను" అనుడు. వారు వద్దనుటకో, సరేయనుటకో ఒక్క తలయూపు చాలునట్లుగా చెప్పుడు.

ధనమిచ్చునపుడు సయితము ఈ సున్నితము కావలెను. మన పెండ్లిండ్లలో చదివింపులు వ్రాసికొని, తిరిగి వారింట శుభకార్యము జరిగినపుడు అంతకు తగ్గకుండ చదివించుట మర్యాద. రోగి ఇంట ఇచ్చు ధనమునకు ఆ పద్దుపుస్తకము ఉండరాదు. పదిమంది ఎదుట చేతిలో పెట్టక, దిండుక్రింద ఉంచి, "బస్సు ఛార్జీలకు ఉంచు వదినా, దీన్ని ఎవరికీ చెప్పబోకు" అని వచ్చుట ఉత్తమము.

ఇక మాట. మాటకూడ కానుకయే, ఒక్కొక్కప్పుడు గాయము కూడ. "మా ఊళ్ళో ఒకాయనకు ఇదే వచ్చి..." అని మొదలుపెట్టి మరణవార్తతో ముగించు పరామర్శను నేను పలుమారులు విన్నాను. "ఏమి పాపము చేసినావో" అను నిట్టూర్పును గూడ విన్నాను. ఈ వ్యాధి శాపము కాదు, పాపఫలము కాదు, అంటువ్యాధియు కాదు. కంచమును, గ్లాసును వేరుచేయవలసిన పనియే లేదు. జాలి అడుగని మనిషికి జాలి ఇచ్చుట అవమానించుటయే. ఈ సంగతి మన ప్రాంతపువాడే, గుడివాడకు చేరువనున్న రామాపురమున పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు లోకమునకు చూపినాడు. 2013 అక్టోబరులో, పండు వృద్ధాప్యమున, పత్రికలవారిని తానే పిలిచి తనకు కాన్సరు వచ్చినదని దాపరికము లేకుండ ప్రకటించి, తనకై దిగులుపడవద్దని, అభిమానుల ప్రేమయే చాలునని చెప్పినాడు. శస్త్రచికిత్స జరిగి మంచమునంటియున్న దినములలోను 'మనం' చిత్రములోని తన పాత్రకు తన గొంతునే ఇచ్చినాడు. 2014 జనవరి 22న ఆయన కన్నుమూసినాడు. మే నెలలో ఆ చిత్రము విడుదల కాగా జనులు ఆ గొంతు విన్నారు. ఆ స్థితిలో ఆయనకు విశ్రాంతి పేరిట పని మాన్పింపక, పనినే మంచమువద్దకు తెచ్చినవారిది ఎంత గొప్ప కానుకయో ఆలోచింపుడు. రోగిని రోగిగానే చూడక, నిన్నటి దాక ఆమె ఏమైయున్నదో నేడును అదియేయని గుర్తించుట ఆ కానుకలోని సారము. రైతును పంట సంగతి అడుగుడు. పంతులును పిల్లవాని లెక్క దిద్దుమనుడు. వంటలో చేయితిరిగిన ఇల్లాలిని పులుసుపాళ్ళు అడుగుడు.

ఒక మనిషి బాధనుండి పుట్టిన కానుక వేలమందికి చేరిన కథయు ఇక్కడనే కలదు. పామర్రు చెంతనున్న నిమ్మకూరున పుట్టిన నందమూరి తారక రామారావు సహధర్మచారిణి బసవతారకము 1985లో కాన్సరుతో మరణించినది. ఆమె పేరిట ఆయన నెలకొల్పిన సంస్థ, మన కృష్ణాజిల్లాలోని మంటాడలో జన్మించి అమెరికాలో కాన్సరు వైద్యమున ప్రఖ్యాతుడైన డాక్టరు నోరి దత్తాత్రేయుడు వంటి ప్రవాసాంధ్ర వైద్యుల తోడ్పాటుతో ఆసుపత్రియై, హైదరాబాదులో 2000 జూన్ 22న ప్రధాని వాజపేయి చేతులమీదుగా ప్రారంభమైనది. తన ఇంటి దీపమును నిలుపుకొనలేకపోయిన దుఃఖము పరుల ఇండ్ల దీపములను నిలుపు చమురైనది.

అంతకంటె మౌనముగా ఇచ్చిన ఆంధ్రుడు ఒకడు కలడు. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సొంత సోదరుని స్ప్రూ అను ప్రేగుల వ్యాధికి అప్పగించిన దుఃఖముతో అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును గూర్చి పరిశోధన నడపి, ఆ ఆమ్లమును ఎదిరించు అమినోప్టెరిన్ వంటి మందులను తయారుచేయించినాడు. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ఆ మందును రక్తకాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, పదునారుగురిలో పదిమందికి వ్యాధి కొంతకాలము తగ్గుముఖము పట్టినదని 1948 జూన్‌లో ప్రకటించెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసినాడు. అదే మందుల కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని ప్రపంచమంతట పసిపిల్లల నరములలోనికి బొట్టుబొట్టుగా దిగుచున్నది. ఆ పిల్లల ముఖములు ఆయన చూడలేదు. ఆయన పేరు ఆ తల్లులలో పెక్కుమందికి తెలియదు. అయినను ఆ మందు సరిగ్గా పుచ్చుకొను చేతి కొలతకే తయారైనది.

అంతటి కానుకలు ఇయ్యగల శక్తి మనకు లేకపోవచ్చును. కాని కొలత ఒక్కటే. మరుసటి మాసమున నేను మరల నాగాయలంక బస్సు దిగితిని. ఈమారు నా చేతిలో పెట్టె లేదు. ముందుగా పొరుగింటికి పోయి ఆ ఇల్లాలితో మాటాడుకొని వచ్చి, పెరటిదారిన లోపలికి ప్రవేశించి, పాలక్యాను పాలకేంద్రమునకు చేర్చి, గేదెకు పచ్చగడ్డి కోసుకొని వచ్చి, కాళ్ళుచేతులు సబ్బుతో కడుగుకొని గదిలోనికి పోయితిని. పిన్ని తలకు పెడనబట్ట చుట్టుకొని పరుండియున్నది. ఆమె లేవబోగా, "గేదె తిన్నది పిన్నీ, పాలు పోసి వచ్చాను" అంటిని. పాలచిట్టీలో ఎంత వచ్చినదని అడిగినది, వెన్నశాతము చెప్పితిని, తగ్గిందే అన్నది. తవుడు మార్చవలెనని కొంతసేపు ఆలోచించినది. కిటికీ వద్ద రేడియోలో బెజవాడ కేంద్రమునుండి ఎవరో, నేడు నేను మాటాడుచున్నట్లే, ఏదో విషయమును గూర్చి నెమ్మదిగా మాటాడుచుండిరి. ఆ మాటల నడుమ ఆమెకు నిద్రపట్టినది.

బస్సు వేళ అయినది. నేను చప్పుడు కాకుండ లేచితిని. నెల క్రిందట నన్ను వీధిగుమ్మము దాక సాగనంపిన మా పిన్ని, ఆ దినమున లేవలేదు.